పి.టి. రెడ్డి చిత్రాలు: ఒక పాత తీర్పుపై పునరాలోచన

ఒక కళాకారుడు శైలి మార్చుకున్నాడని తెలియగానే మనవాళ్లు ముందుగా వేసే ప్రశ్న ఒకటుంది: శైలితోపాటు పక్షం కూడా మార్చాడా? ఈ ప్రశ్న తప్పు కాదు. శైలి ఆకాశంలోంచి ఊడిపడదు. కళాకారుడు ఎక్కడ నిలబడి చూస్తున్నాడు, ఎవరి కోసం చూస్తున్నాడు అనేవాటితో దానికి సంబంధం ఉంటుంది. అయితే మనం ప్రశ్న ఎంత తొందరగా వేస్తామో జవాబు కూడా అంత తొందరగానే చెప్పేస్తాం. నేనూ అట్లా చెప్పినవాణ్ణే. పాకాల తిరుమలరెడ్డి, అంటే మనందరికీ తెలిసిన పి.టి. రెడ్డి, చిత్రాల గురించి ఎనభయ్యో దశకంలో నిజామాబాదులో మా మిత్రుల సమావేశంలో ఒక తీర్పు చెప్పాను. ఆ తీర్పును నేనే మళ్లీ తిరగదోడుకోవలసి వచ్చింది. రచయితలకూ సాహిత్య విద్యార్థులకూ చిత్రకారుడి సంగతి ఎందుకంటారేమో. ఆ తీర్పులోని పొరపాటు చిత్రకళకు మాత్రమే సంబంధించింది కాదు. మన కవిత్వ విమర్శలోనూ అదే పొరపాటు ఉంది.

ముందు ఆ సమావేశం సంగతి చెప్పాలి. మాది బోధన్. నాన్న నిజాం షుగర్ ఫ్యాక్టరీలో కార్మికుడు. శక్కర్‌నగర్ క్వార్టర్లలో సైరన్ మోతకు నిద్రలేచి, మొలాసిస్ వాసనలో బడికి పోయి పెరిగినవాణ్ణి. నిజామాబాదులో చదువుకునే రోజుల్లో ప్రతి నెలా ఒక ఆదివారం పది పదిహేను మందిమి కూడేవాళ్లం. కథలు చదివేవాళ్లం, వాదించుకునేవాళ్లం. ఆ సమావేశాలకు సైన్‌బోర్డులు రాసే పెయింటర్ అన్న ఒకాయన వచ్చి వెనక కూర్చునేవాడు. సినిమా బ్యానర్లకు గళ్లు కొట్టి బొమ్మలు పెంచడం, దుకాణాల బోర్డులు రాయడం ఆయన బతుకుదెరువు. మా సభల బ్యానర్లు మాత్రం డబ్బు తీసుకోకుండా రాసిచ్చేవాడు. గేరు, సున్నం, నీలిమందు కలిపి రాత్రికి రాత్రి గోడల మీద ఆయన రాసిన అక్షరాలు రెండు వానలకు కూడా చెరిగేవి కావు.

ఒక ఆదివారం ఆయన పత్రికలోంచి కత్తిరించిన ఒక రంగుల పేజీ తెచ్చి మా ముందు పెట్టాడు. పి.టి. రెడ్డి తాంత్రిక చిత్రం. వృత్తం, అందులో త్రికోణం, నడుమ బిందువు, చుట్టూ మంటలా ఎగిసే రంగులు. "గిండ్ల ఏమున్నదో నాకు సమజైతలేదు సార్. గని చూస్తుంటె కన్ను పక్కకు పోతలేదు. మీరు చదువుకున్నోళ్లు, జర చెప్పుండ్రి" అన్నాడు.

నేను చెప్పాను. దేశం ఆకలితో, ఎమర్జెన్సీ గాయాలతో ఉంటే యంత్రాలూ బిందువులూ గీయడం పలాయనమన్నాను. విదేశీ కొనుగోలుదారుకు భారతీయ మార్మికత అమ్ముకోవడమన్నాను. ఇందులో అర్థం చేసుకోవలసింది ఏమీ లేదు, కనుకనే నీకు అర్థం కాలేదు అన్నాను. అందరూ నవ్వారు. ఆయన ఆ పేజీని మడిచి జేబులో పెట్టుకున్నాడు. బ్యానర్లు రాయడం మానలేదు కాని, ఆ తర్వాత సమావేశానికి మాత్రం రాలేదు.

ఆనాడు పి.టి. రెడ్డి గురించి నాకు తెలిసింది ఆ ఒక్క పేజీ. అంతకుముందు ఆయన ఏమి గీశాడో, ఏ దారిలో నడిచి అక్కడికి వచ్చాడో నాకు తెలియదు. తెలుసుకోవలసిన అవసరం ఉందని కూడా తోచలేదు.

ఆ దారి ఇది. పి.టి. రెడ్డి 1915లో కరీంనగర్ జిల్లాలో పుట్టాడు. ముప్పయ్యో దశకంలో బొంబాయి సర్ జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరాడు. అప్పటికి మన దేశంలో చిత్రకళ నేర్చుకునేవాడి ముందు రెండు దారులుండేవి. ఒకటి బ్రిటిష్ వారు నేర్పిన అకాడమిక్ వాస్తవికత: పాశ్చాత్య శిల్పాల అచ్చులను చూసి గీయడం, నూనె రంగులతో రాజులకూ జమీందార్లకూ చిత్తరువులు వేయడం. రెండోది బెంగాల్ శైలి: పలుచని రంగుల పొగమంచులో పురాణ స్త్రీలు. మొదటిది పాలకుడి కన్ను. రెండోది జాతీయోద్యమం పుట్టించిందే అయినా, నలభైల నాటికి నిజజీవితానికి దూరమై తనను తాను అనుకరించుకునే స్థితికి వచ్చింది. ఈ రెండూ కాని దారి వెతుక్కున్న యువకుల్లో పి.టి. రెడ్డి ఒకడు. జె.జె. స్కూల్ డైరెక్టర్ చార్లెస్ జెరార్డ్ ఆ విద్యార్థులకు యూరపులో సెజాన్, గోగాఁ తర్వాత వచ్చిన మార్పులను పరిచయం చేశాడు. 1941లో పి.టి. రెడ్డి, మజీద్, బాప్టిస్టా, భోప్లే మొదలైనవారు కలిసి సమకాలీన భారతీయ చిత్రకారుల బృందంగా నిలబడ్డారు. వాళ్లను 'యంగ్ టర్క్స్' అన్నారు.

ఈ తేదీని మనం శ్రద్ధగా చూడాలి. సూజా, రజా, హుసేన్, ఆరా, గాడే, బాక్రేల ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూప్ 1947లో ఏర్పడింది. ఆధునిక భారత చిత్రకళ చరిత్ర చెప్పేవారు చాలామంది అక్కడినుంచే మొదలుపెడతారు. దానికి ఆరేళ్ల ముందే కరీంనగర్ జిల్లా పల్లె యువకుడు ఒకడు బొంబాయిలో ఆ తలుపు తట్టాడు. సాహిత్యంలో చూస్తే 1936లో లక్నోలో ప్రేమ్‌చంద్ అధ్యక్షతన అఖిల భారత అభ్యుదయ రచయితల సంఘం ఏర్పడింది. మన అభ్యుదయ రచయితల సంఘం 1943లో తెనాలిలో రూపుదిద్దుకుంది. ఈ రెండింటి మధ్య వచ్చింది ఆ చిత్రకారుల బృందం. వాళ్లు మన సంఘ సభ్యులని నేననడం లేదు. ఒకే చారిత్రక ఒత్తిడి వేరు వేరు కళల్లో వేరు వేరు రూపాల్లో బయటపడిందని మాత్రమే అంటున్నాను.

ఆ తొలి దశ చిత్రాల్లో మనుషులున్నారు. పల్లె స్త్రీలు, చిత్తరువులు, ఇళ్లు, చెట్లు. రంగు దట్టంగా పడుతుంది. వెలుగునీడలను మెత్తగా కలిపే అకాడమిక్ పద్ధతి కనిపించదు. రంగు ముద్దలే ముఖానికి ఎముకల్లా నిలుస్తాయి. నేనా సమావేశంలో ఈ చిత్రాలను చూసి ఉంటే 'మనవాడే' అని మెచ్చుకునేవాణ్ణి. నాకు నచ్చే దశను మెచ్చి, నచ్చని దశను తిట్టి రెండు ముక్కలు చేసేవాణ్ణి. అదీ విమర్శ కాదు.

తర్వాత ఒక విరామం వచ్చింది. ఆయన హైదరాబాదు తిరిగివచ్చాడు. చిత్రాలు అమ్ముకుని బతకగలిగే సమాజం అప్పుడు హైదరాబాదులో లేదు. ఆయన ఫర్నిచర్ వ్యాపారం పెట్టాడు. 1947లో పాకాల యశోదారెడ్డిని పెళ్లి చేసుకున్నాడు. ఆ ఏళ్లు తెలంగాణ నిప్పుల మీద నడిచిన ఏళ్లు. 1946 నుంచి 1951 దాకా సాయుధ పోరాటం సాగింది. 1948లో మన ఇందూరు ఖిల్లా జైలులో దాశరథి బొగ్గుముక్కతో గోడ మీద పద్యం రాశాడు. ఆయనతోపాటు వట్టికోట ఆళ్వారుస్వామి కూడా అదే జైలులో ఉన్నాడు. పి.టి. రెడ్డి పుట్టిన ఏడే పుట్టిన బెంగాలీ చిత్రకారుడు చిత్తప్రసాద్ అప్పటికే 1943 నాటి బెంగాల్ కరువులో ఊరూరా తిరిగి ఎండిన శరీరాలను నల్లసిరాతో గీశాడు. ఆ బొమ్మల పుస్తకాన్ని బ్రిటిష్ ప్రభుత్వం తగలబెట్టించింది. ఆ పక్కన పెట్టి చూస్తే పి.టి. రెడ్డి ఎక్కడున్నాడు? ఈ ప్రశ్న ఇప్పుడు కూడా అడగవలసిందే. నేను చూసిన ఆయన చిత్రాల్లో ఆ పోరాటం కేంద్రంగా లేదు. ఇది లోటు కాదని వాదించడం నా ఉద్దేశం కాదు.

అయితే ఆ లోటును బట్టి మొత్తం జీవితాన్ని కొట్టివేయవచ్చునా? కుర్చీలూ బల్లలూ చేయించి బతుకుతూ కూడా ఆయన కుంచె వదలలేదు. వ్యాపారం నిలదొక్కుకున్న తర్వాత హాయిగా వ్యాపారిగానే ఉండిపోవచ్చు. అట్లా ఉండిపోయినవాళ్లు మన సాహిత్యంలోనూ ఎంతమంది లేరు? యౌవనంలో నాలుగు కవితలు రాసి, ఉద్యోగం రాగానే కలం పక్కన పెట్టినవాళ్లు మన సంఘాల పాత సభ్యత్వ జాబితాల నిండా ఉన్నారు. ఆయన మాత్రం యాభైలలో, అరవైలలో మళ్లీ పూర్తిగా చిత్రకళలోకి వచ్చాడు. వచ్చినప్పుడు బొంబాయిలో వదిలిన చోటినుంచి మొదలుపెట్టలేదు. గీత బలపడింది, రూపాలు చదునయ్యాయి, శరీరాలు కోణాలుగా విడిపోయాయి. కొయ్యను చెక్కాడు, ముద్రణ చిత్రాలు చేశాడు. కొయ్యతో బతికినవాడి చేతికి కొయ్య శిల్పం కావడం సహజమే. బతుకుదెరువు కళకు ఆటంకమని మనం మామూలుగా అంటాం. ఇక్కడ అది సాధనం కూడా అయిందని నాకు తోస్తుంది.

1964లో నెహ్రూ మరణం, 1969లో చంద్రుడి మీద మనిషి కాలు మోపడం ఆయన చిత్రాలకు వస్తువులయ్యాయి. చంద్రయానం గురించిన చిత్రాలను చూసినప్పుడు నా పాత తీర్పు మొదటిసారి కదిలింది. అందులో వృత్తముంది. అది చంద్రుడు, అదే మండలం. పైకెగిసే రూపముంది. అది రాకెట్టు, అదే తంత్రశాస్త్రంలో వెన్నెముక వెంట పైకి లేచే శక్తి. విజ్ఞానశాస్త్రం సాధించిన విజయాన్ని తన దగ్గరున్న అతి ప్రాచీన గుర్తులతో అర్థం చేసుకోవడానికి ఒక తెలంగాణ మనిషి చేసిన ప్రయత్నం అది. దాన్ని పలాయనం అనడం ఎట్లా? కాలం నుంచి పారిపోయేవాడు నిన్నటి పత్రికలో వచ్చిన వార్తను తెచ్చి మండలం నడుమ పెట్టడు.

డెబ్బైలలో ఆయన పూర్తిగా తాంత్రిక సంకేతాల వైపు మళ్లాడు. అప్పటికి దేశమంతటా ఆ గాలి వీస్తున్నది. 1966లో అజిత్ ముఖర్జీ తంత్రకళ పుస్తకం వచ్చింది. బీరేన్ డే, జి.ఆర్. సంతోష్ వంటివారు ఆ దారిలో పేరు తెచ్చుకున్నారు. పశ్చిమ దేశాల యువతకు తూర్పు దేశాల ఆధ్యాత్మికత మీద మోజున్న కాలం. కనుక మార్కెట్ గురించి నేను సమావేశంలో అన్న మాట పూర్తిగా అబద్ధం కాదు. ఆ ధోరణికి మార్కెట్ దన్ను ఉంది. కాని ఒక ధోరణికి మార్కెట్ ఉన్నంత మాత్రాన అందులోని ప్రతి చిత్రమూ సరుకే అని తేల్చడం యాంత్రిక వాదం.

ఇంకొక వైపు నుంచి కూడా చూడాలి. మార్కెట్ చిత్రకారుణ్ణి అడిగేది మార్పును కాదు. ఒకసారి అమ్ముడైన ముద్రనే మళ్లీ మళ్లీ వేయమంటుంది. గోడ మీద దూరం నుంచి చూసి 'ఇది ఫలానావారిది' అని గుర్తుపట్టాలి. తోట వైకుంఠం గీసే నిండైన బొట్ల, ముదురు రంగు చీరల తెలంగాణ స్త్రీలు ఇవాళ అట్లా గుర్తుపట్టే బొమ్మలయ్యాయి. ఆయన ప్రతిభను నేను తక్కువ చేయడం లేదు. బి. నరసింగరావు 'దాసి' సినిమాకు ఆయన చేసిన కళాదర్శకత్వంలో గడీ చీకటి ఎంత బరువుగా ఉందో చూసినవాళ్లకు తెలుసు. నా మాటల్లా ఇంతే: పి.టి. రెడ్డి జీవితకాలంలో నాలుగైదుసార్లు తన ముద్రను తానే చెరుపుకున్నాడు. లాభం చూసుకునేవాడు చేసే పని కాదది.

దీనికి ఎదురు ఉదాహరణ సిద్దిపేట కాపు రాజయ్య. 1925లో పుట్టి 2012లో మరణించిన ఈ డ్రాయింగు మాస్టరు సిద్దిపేటను వదల్లేదు. బతుకమ్మ, బోనాలు, పల్లె వృత్తులు, జానపద మూర్తులు ఆయన జీవితకాల వస్తువులు. నకాషీ చిత్రకారుల గీతను, రంగును తనవి చేసుకున్నాడు. ఆయన స్థిరత్వం నిబద్ధత, పి.టి. రెడ్డి చలనం చాంచల్యం అని చెప్పడం సులువు. కాని రాజయ్య కూడా కాలేజీలో నేర్చిన పద్ధతిని వదిలి జానపద రూపానికి రావడమనే పెద్ద మార్పు చేసినవాడే. ఒకరు ఒకేసారి మారి అక్కడ లోతుకు తవ్వారు. ఇంకొకరు పలుచోట్ల తవ్వారు. ఎవరి బావిలో నీరు పడిందన్నది చిత్రం చిత్రంగా చూడాలి. ఒక్క మాటలో తేలదు.

పి.టి. రెడ్డి ఇంట్లోనే మరొక పోలిక ఉంది. నారాయణగూడలోని 'సుధర్మ' వారి ఇల్లు, అదే ఆయన చిత్రశాల. ఆ ఇంట్లోనే యశోదారెడ్డి కథలు రాసింది. 1973లో వచ్చిన ఆమె 'మా ఊరి ముచ్చట్లు' తెలంగాణ పలుకుబడిని ఎటువంటి క్షమాపణా లేకుండా అచ్చులోకి తెచ్చింది. భర్త మండలాలు గీస్తున్న ఆ దశకంలోనే భార్య పాలమూరు ఆడవాళ్ల మాటను అక్షరం చెక్కు చెదరకుండా పట్టుకుంది. ఒకే కప్పు కింద ఒకరు సార్వజనీన సంకేతం వైపు, మరొకరు స్థానిక భాష వైపు నడిచారు. మన విమర్శ ఆమెను ఆలస్యంగానైనా అర్థం చేసుకుంది. కారణం స్పష్టం. ఆమె చేసింది మనకు తెలిసిన పని. ఆయన చేసిన పనికి మన దగ్గర కొలబద్ద లేదు.

అయితే కొలబద్ద ఏమిటి? నాకు తోచింది చెబుతాను. ఒక సంకేతం తన కాలాన్ని లోపలికి తీసుకున్నప్పుడు బతుకుతుంది. తీసుకోనప్పుడు నగిషీ అవుతుంది. చంద్రయాన చిత్రాల్లో మండలం బతికింది. ఆ తర్వాతి కొన్ని తాంత్రిక చిత్రాల్లో త్రికోణం త్రికోణంగానే మిగిలింది. రంగు పొందిక బాగుంటుంది, గీతలో తప్పు పట్టలేం, చూసి ముందుకు పోతాం. ఇవి ఆయన బలహీన చిత్రాలు. అవి తాంత్రికం కావడం వల్ల బలహీనం కాలేదు. వాటిలోకి ఏ జీవితమూ రాకపోవడం వల్ల అయ్యాయి.

ఈ కొలబద్దను ఇప్పుడు మన వైపు తిప్పుకుందాం. మన కవిత్వంలో ఎర్రసూర్యుడు, బిగిసిన పిడికిలి, నెత్తుటి చాలు మొదట వచ్చినప్పుడు వాటి వెనక చూసిన మనుషులున్నారు, జరిగిన సంఘటనలున్నాయి. తర్వాత తర్వాత అవి ఎట్లా అయ్యాయి? నేనే అట్లాంటివి ముప్పైకి పైగా రాశాను. చెరకు కోతల గురించి రాసిన కవితలో కూడా సూర్యుడు ఎర్రగానే ఉదయించాడు, పిడికిలి బిగిసే ఉంది. చెరకు ఆకు అంచు ముంజేతిని ఎట్లా కోస్తుందో లేదు. ఫ్యాక్టరీ గేటు ముందు రాత్రంతా వరుసకట్టిన బండ్ల కింద గోనెపట్టా పరచుకుని పడుకున్న రైతు లేడు. పిప్పి మోసి ఇంటికొచ్చిన నాన్న దగ్గు లేదు. వృత్తం, త్రికోణం, బిందువు అని నేను వెక్కిరించాను. సూర్యుడు, పిడికిలి, నెత్తురు నా త్రికోణాలని నాకు తెలియలేదు.

నిజాంసాగర్ కాలువ వల్ల వచ్చిన చెరకు, ఆ చెరకు వల్ల 1937లో వచ్చిన ఫ్యాక్టరీ, ఆ ఫ్యాక్టరీ చుట్టూ వచ్చిన పట్నం, ఆంధ్ర జిల్లాల నుంచి వచ్చిన రైతుల క్యాంపులు, కార్మిక సంఘాలు: ఇంత జీవితం మా కళ్ల ముందు ఉంది. ఆసియాలోకెల్లా పెద్దదని గొప్పగా చెప్పుకునేవాళ్లం. 2002లో దాన్ని ప్రైవేటు చేతికి అప్పగించారు. 2015 డిసెంబరులో లే ఆఫ్ ప్రకటించి గేటు మూశారు. గానుగ ఆగిన తర్వాత వెనక్కి తిరిగి చూస్తే, ఆ జీవితానికి సాటిరాగల చిత్రంగాని, నవలగాని నా చేతిలో ఒక్కటీ కనిపించలేదు. పి.టి. రెడ్డి తెలంగాణ పోరాటాన్ని గీయలేదని నిలదీసిన నేను, నా ఇంటి ముందున్న పొగగొట్టాన్ని రాయలేదు.

ఫ్యాక్టరీ మూసిన మరుసటి ఏడు ఆ పెయింటర్ అన్న ఇంటికి వెళ్లాను. ఫ్లెక్సీలు వచ్చాక ఆయన పని ఏనాడో పోయింది. కొడుకు దుకాణంలో కూర్చుంటున్నాడు. చేయి వణుకుతున్నది. అయినా రోజూ ఏదో ఒకటి గీస్తూనే ఉన్నాడు: పాత క్యాలెండర్ల వెనక, మిఠాయి డబ్బాల అట్టల మీద. సినిమా బ్యానర్ల రోజుల్లో గీసినవి కూడా ఒక రేకు పెట్టెలో దాచాడు. మొదట్లోవి అచ్చం ఫొటోల్లా ఉన్నాయి. తర్వాత ముఖాల్లో ముక్కు, చెవి వివరం తగ్గుతూ పోయింది. చివరివి రెండు మూడు గీతలతో అయిపోయాయి: బండి చక్రం, ఎద్దు మూపురం, వంగిన వీపు. "చెయ్యి వణుకుడు షురువైనంక సన్న గీత రాలె సార్. గందుకె దొడ్డు గీతల్నే పట్టుకున్న" అన్నాడు. ఆయన శైలి ఎందుకు మారిందని ఎవరైనా సిద్ధాంతవ్యాసం రాస్తే ఈ కారణం అందులో ఉంటుందా?

పెట్టె అడుగున ఆ రంగుల పేజీ ఉంది. మడతలు పడి చిరిగిపోయే స్థితిలో ఉంది. నేనా రోజు అన్నమాట తప్పన్నా అని చెప్పాను. ఆయన నవ్వి, "మీరన్నది నాకు యాదికి లేదు సార్" అన్నాడు. యాదికి లేకపోవడం నిజమో, నన్ను కాపాడడమో నాకు తెలియదు.

పి.టి. రెడ్డి 1996లో మరణించాడు. ఎనభై ఏళ్లు దాటిన జీవితంలో అరవై ఏళ్లు చిత్రకళతోనే గడిచాయి. ఆయన గొప్పతనం గురించి వేరే వ్యాసాలు వస్తాయి, రావాలి. మన సంఘాలవాళ్లకు నేను చెప్పదలచింది కొంచెం వేరు. ఒక కళాకారుణ్ణి తూకం వేసేముందు ఆయన దారి మొత్తం చూడాలి. ఒక్కొక్క మలుపు దగ్గర ఆగి, ఇక్కడ ఏమి పోయింది, ఏమి వచ్చింది అని అడగాలి. ఆ మలుపుకు కాలం కారణమా, మార్కెట్టా, బతుకుదెరువా, వణికే చెయ్యా తేల్చుకోవాలి. అప్పుడు కఠినంగా చెప్పినా ఫరవాలేదు. ముఖ్యంగా, 'నాకు సమజైతలేదు, జర చెప్పుండ్రి' అని ఒక శ్రామికుడు వచ్చి అడిగినప్పుడు మనకూ తెలియకపోతే తెలియదనే చెప్పాలి. ఆయనతోపాటు కూర్చుని ఆ బొమ్మను ఇంకొంచెం సేపు చూడాలి. ఆ ఆదివారం నేను చేయవలసిన విమర్శ అదే.